మూలప్రతి పోయిన పుస్తకంలో బొమ్మను సరిదిద్దుకోవడం ఎలా?

మన సంఘాలవారు ఏ వేడుక జరిపినా ఒక జ్ఞాపిక సంచిక వెయ్యడం ఆనవాయితీ. రజతోత్సవమైనా, ఉగాది అయినా, గుడి ప్రతిష్ఠ అయినా, తెలుగు తరగతుల వార్షికోత్సవమైనా, చివరకు చేతికి వచ్చేది ఒక పుస్తకం. అందులో పెద్దల ఫోటోలు, ఓడ చిట్టాలోని పుటలు, పాత టికెట్టు బొమ్మలు ఉంటాయి. నేటాలు, మారిషస్, ఫిజీ, మలేషియా ఎక్కడైనా ఇదే తీరు. అట్టి పుస్తకాలే మన ఇండ్లలో వంశవృక్షాలుగా ఉపయోగపడుతున్నవి.

అయితే పుస్తకం అచ్చయి ఇరవై ఏండ్లు గడిచేసరికి ఒక చిక్కు వస్తున్నది. పుస్తకం కూర్చిన కంప్యూటరు ఉండదు. అచ్చు వేసిన ప్రెస్సు మూతబడి ఉంటుంది. ఫోటోలు ఎవరి ఇంటివో వారికి తిరిగి ఇచ్చి ఉంటారు. మిగిలేది ఒక్కటే, సీడీ మీదనో ఈ-మెయిలులోనో పడి ఉన్న పీడీఎఫ్ ఫైలు. అందులో ఒక బొమ్మ తప్పుగా ఉన్నది, లేదా నల్లగా మసకబారి ఉన్నది. దాన్ని సరిచేసి మళ్ళీ అచ్చు వేయించాలంటే ఎట్లా? ఈ వ్యాసంలో ఆ సంగతి మొదటినుంచి వివరంగా చెప్పుకుందాం. కంప్యూటరు శాస్త్రం చదవనివారు కూడా అనుసరించగలిగేట్టు చెప్పడమే ఉద్దేశం.

ఉదాహరణకు ఒక పుస్తకం

మాట గాలిలో ఉండకుండా ఒక నిజమైన ఉదాహరణ తీసుకుంటాను. డర్బన్ ప్రాంతంలో 2004లో అచ్చయిన ఒక 64 పుటల సంచిక నా దగ్గర పీడీఎఫ్‌గా ఉన్నది. అందులో ఒక పుటలో ఇద్దరు పెద్దమ్మల ఫోటోలు పక్కపక్కన ఉన్నవి. అచ్చులో అవి తారుమారయ్యాయి. ఒకరి పేరు మీద మరొకరి ముఖం పడింది. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. మనుమలు, మునిమనుమలు ఆ పుస్తకం చూసి, పేరు చదివి, మరొకరి ముఖాన్ని తమ అవ్వ ముఖంగా గుర్తుంచుకుంటున్నారు. ఆమెకు వేరే ఫోటో లేదు. ఇది చిన్న అచ్చుతప్పు అని వదిలివేయదగినది కాదు గదా!

నేనున్న అజైబా మస్కట్ విమానాశ్రయం పక్కన ఉన్నది. ఆ పుస్తకం పుట్టిన ఊరు హిందూ మహాసముద్రానికి ఆ చివర ఉన్నది. అసలు ఫోటోల కోసం గడప గడపకూ తిరిగే వీలు లేదు. కనుక ఉన్న ఫైలుతోనే పని జరగాలి. మనలో చాలామంది పరిస్థితి ఇదే. సంచిక ఒక దేశంలో ఉంటుంది, దాన్ని దిద్దగలిగినవారు మరొక దేశంలో ఉంటారు.

పీడీఎఫ్ అంటే ఏమిటి?

అడోబి సంస్థ స్థాపకులలో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో ‘క్యామెలాట్’ అనే పేరుతో ఒక ఆలోచనను కాగితం మీద పెట్టాడు. ఏ కంప్యూటరులో తయారైన పుటైనా మరే కంప్యూటరులో తెరిచినా, అచ్చు వేసినా, అదే రూపంలో కనబడాలని దాని సారాంశం. 1993లో పీడీఎఫ్ బయటికి వచ్చింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. పేజ్‌మేకరు, ఇన్‌డిజైను, వర్డు వంటి వాటిలో చేసిన ఫైలు వండడానికి ముందున్న సరుకుల వంటిది. పప్పు వేరు, ఉప్పు వేరు, చింతపండు వేరు. ఏది కావాలంటే అది మార్చవచ్చు. పీడీఎఫ్ వడ్డించిన విస్తరి. అందులో సాంబారు నుంచి ఉప్పును తిరిగి తీయలేము. కాని విస్తరిలో ఒక మూల ఉన్న అప్పడాన్ని తీసి మరొక అప్పడం పెట్టవచ్చు. పీడీఎఫ్‌లో బొమ్మ ఆ అప్పడం వంటిది. అక్షరాలు సాంబారు వంటివి. ఈ పోలికను చివరిదాకా మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా సులభమే.

లోపల బొమ్మ ఎట్లా ఉంటుంది?

పీడీఎఫ్ ఫైలులో ప్రతి ఫోటోకూ ఒక విడి మూట ఉంటుంది. ఆ మూట మీద చీటీ వలె కొన్ని వివరాలు రాసి ఉంటాయి. అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు, రంగులు ఏ పద్ధతివి, ఏ విధంగా కుదించారు అనేవి ఆ వివరాలు. ఈ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు. ఫోటోలను సాధారణంగా జేపెగ్ పద్ధతిలో కుదిస్తారు.

పుటకు సంబంధించిన ఆజ్ఞలు వేరే చోట ఉంటాయి. ‘ఫలానా మూటను తెచ్చి, ఈ చోట, ఇంత వెడల్పు, ఇంత ఎత్తున పరచుము’ అని అక్కడ రాసి ఉంటుంది. అంటే బొమ్మ వేరు, దాని స్థానం వేరు. మనకు మేలు చేసేది ఈ ఏర్పాటే. స్థానం జోలికి పోకుండా మూటను మాత్రం మార్చివేస్తే, కొత్త బొమ్మ పాతదాని చోట కూర్చుంటుంది.

దీనివల్ల మూడు సంగతులు తెలుసుకోవాలి.

ఒకటి: సంఘం ముద్ర వంటి బొమ్మ ప్రతి పుటలోనూ ఉంటే, మూట ఒక్కటే ఉండి అన్ని పుటలూ దాన్నే పిలుస్తూ ఉండవచ్చు. అప్పుడు ఒక చోట మార్చితే అన్ని చోట్లా మారుతుంది.

రెండు: కొత్త బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి పాతదానితో సరిపోవాలి. సరిపోకపోతే, మూటను నేరుగా మార్చే పద్ధతిలో బొమ్మ ఆ చట్రానికి సాగదీయబడుతుంది. ముఖం లావుగానో సన్నగానో అయిపోతుంది.

మూడు: పుటలో కనబడేది బొమ్మలో కొంత భాగమే కావచ్చు. కూర్చినవారు అంచులు కత్తిరించినట్టు చూపినా, మిగతా భాగం లోపల దాగి ఉండవచ్చు. బయటికి తీసినప్పుడు అది కనబడుతుంది. ఇది ఒక్కొక్కసారి వరం. తెగిపోయిందనుకున్న తాతగారి చెయ్యి, పక్కన నిలబడ్డ పిల్ల దొరకవచ్చు. ఒక్కొక్కసారి చిక్కు. దాచదలచిన చిరునామా కూడా అక్కడే ఉండవచ్చు.

ముందుగా చేయవలసిన పరీక్ష

పని మొదలుపెట్టే ముందు ఫైలుకు ఒక నకలు తీసి, అసలును వేరే చోట భద్రపరచాలి. ఆ తరువాత పుట ఏ జాతిదో చూడాలి.

పుటను తెరిచి, మౌసుతో ఒక వాక్యం మీద గీయండి. అక్షరాలు వరుసగా రంగు మారితే, అది కంప్యూటరులో కూర్చిన పుట అయ్యే అవకాశం ఎక్కువ. అక్షరాలు వేరు, బొమ్మలు వేరుగా ఉంటాయి. పుట మొత్తం ఒకే పలకగా రంగు మారితే, అది అచ్చు పుస్తకాన్ని స్కాను చేసిన పుట. అక్కడ ఫోటోకు విడి మూట ఉండదు. పుటంతా కలిసి ఒకే ఫోటో.

కొన్ని స్కాను పుటల వెనుక కనబడని అక్షరాల పొర ఒకటి ఉంటుంది. అందువల్ల రెండవ పరీక్ష కూడా చేయాలి. పుటను నాలుగు వందల శాతానికి పెంచి చూడండి. అక్షరాల అంచులు నున్నగా ఉంటే కూర్చిన పుట. మెట్లు మెట్లుగానో మసకగానో ఉంటే స్కాను పుట.

స్కాను పుట అయితే పని తీరు మారుతుంది. పుట మొత్తాన్ని ఒక బొమ్మగా బయటికి తీసి, ఫోటో ఉన్న భాగాన్ని మాత్రం గుర్తించి దిద్ది, మళ్ళీ పుట మొత్తాన్ని లోపల పెట్టాలి. వెనుక అక్షరాల పొర ఉంటే, దానికి భంగం కలుగకుండా బొమ్మను మాత్రమే మార్చాలి.

బొమ్మను బయటికి తీయడం

చాలామంది చేసేది తెరను ఫోటో తీయడం, అంటే స్క్రీన్‌షాట్. అది మంచి పద్ధతి కాదు. తెర మీద ఎన్ని చుక్కలు కనబడుతున్నవో అన్నే వస్తాయి. లోపల అంతకు రెండింతలు ఉన్నా మనకు దక్కవు.

సరైన మార్గం మూటను ఉన్నదున్నట్టు బయటికి తీయడం. దీనికి పాప్లర్ అనే ఉచిత సరంజామాలో ‘పీడీఎఫ్ ఇమేజెస్’ అనే పనిముట్టు ఉన్నది. ‘లిస్ట్’ అనే ఆజ్ఞతో నడిపితే, ఏ పుటలో ఏ బొమ్మ ఉన్నది, ఎన్ని చుక్కలు, ఏ కుదింపు, అంగుళానికి ఎన్ని చుక్కలు అని ఒక పట్టిక ఇస్తుంది. ‘ఆల్’ అనే ఆజ్ఞతో నడిపితే జేపెగ్ బొమ్మలను తిరిగి కుదించకుండా అట్లాగే బయట పెడుతుంది. మ్యూపీడీఎఫ్ వారి పనిముట్టు కూడా ఇదే పని చేస్తుంది. అక్రొబాట్ ప్రో కొన్నవారు అందులోనే అన్ని బొమ్మలనూ బయటికి పంపవచ్చు. ఉచితంగా దొరికే అక్రొబాట్ రీడరు ఈ పనికి చాలదు.

బయటికి వచ్చిన బొమ్మలను చూసి కంగారు పడవద్దు. కొన్నిసార్లు ఒక ఫోటో పది పన్నెండు పట్టీలుగా తునిగి ఉంటుంది. ప్రెస్సుకు పంపే ముందు కొన్ని పాత ప్రోగ్రాములు అట్లా ముక్కలు చేసేవి. కొన్నిసార్లు ఫోటోతోపాటు అదే కొలతలో నలుపు తెలుపుల బొమ్మ మరొకటి వస్తుంది. అది పారదర్శకతను తెలిపే ముసుగు. మరికొన్నిసార్లు అచ్చు కోసం నాలుగు రంగుల పద్ధతిలో దాచిన ఫోటో నెగటివ్ వలె తలక్రిందులైన రంగులతో కనబడుతుంది. ఫోటో పాడు కాలేదు, రంగులను తిరగవేస్తే సరిపోతుంది.

కొలతల లెక్క

మన ఉదాహరణలో ఒక్కొక్క ఫోటో చట్రం రెండున్నర అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు. లోపల ఉన్న చుక్కలు అడ్డంగా 625, నిలువుగా 750. భాగిస్తే అంగుళానికి 250 చుక్కలు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలని ప్రెస్సువారు అడుగుతారు. 250 కూడా ఫరవాలేదు. అదే ఫోటోను పూర్తి పుటకు, అంటే ఎనిమిది అంగుళాల వెడల్పుకు పెంచితే, అంగుళానికి 78 చుక్కలే పడతాయి. అప్పుడు ముఖం గళ్ళు గళ్ళుగా కనబడుతుంది. ఉన్న చుక్కలను పెద్దవి చేయవచ్చుగాని, లేని వివరాన్ని పుట్టించలేము.

ఈ-మెయిలులో పంపడానికి తేలిక చేసిన పీడీఎఫ్‌లలో చుక్కలు మరీ తగ్గించి ఉంటాయి. కాబట్టి ఒకే సంచికకు రెండు మూడు ఫైళ్ళు దొరికితే, అన్నిటికంటె బరువైన ఫైలును ముందు పరీక్షించండి. ప్రెస్సుకు పంపినది బహుశా అదే అయి ఉంటుంది.

దిద్దడంలో పాటించవలసినవి

గింప్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పనికి చాలును. ఫోటోషాప్ ఉన్నవారు దానితోనే చేసుకోవచ్చు. జేపెగ్ బొమ్మను దిద్ది భద్రపరచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. కనుక పని జరుగుతున్నంతసేపు టిఫ్ లేదా పీఎన్‌జీ రూపంలో ఉంచి, చివర ఒక్కసారి మాత్రమే జేపెగ్‌గా మార్చాలి. కొలతలు మార్చరాదు. రంగుల పద్ధతి కూడా, నాలుగు రంగులదైతే నాలుగు రంగులదిగానే, నలుపు తెలుపుదైతే నలుపు తెలుపుదిగానే ఉంచడం క్షేమం.

తిరిగి లోపల పెట్టే మూడు మార్గాలు

మొదటి మార్గం అక్రొబాట్ ప్రో వంటి పూర్తి పనిముట్టు. దిద్దుబాటు విభాగంలో బొమ్మను ఎంచుకుని కుడి బొత్తాము నొక్కితే, బొమ్మను మార్చుమనే ఆజ్ఞ ఒకటి, ఫలానా ప్రోగ్రాములో తెరువుమనే ఆజ్ఞ మరొకటి కనబడతాయి. రెండవదానితో ఫోటోషాప్‌లో తెరిచి, దిద్ది, పొరలన్నీ ఒకటి చేసి, పేరు మార్చకుండా భద్రపరిస్తే, బొమ్మ తనంతట తాను పుటలోకి తిరిగి వస్తుంది. మన ఉదాహరణలో పని ఇంకా సులువు. రెండు ఫోటోలను బయటికి తీసి, మొదటి చోట రెండవదాన్ని, రెండవ చోట మొదటిదాన్ని మార్చి పెట్టడమే. పేర్ల జోలికి పోనక్కరలేదు.

రెండవ మార్గం పుటను లిబ్రె ఆఫీస్ డ్రా లేదా ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాములో తెరవడం. ఇవి పుటను విప్పి, ప్రతి వస్తువునూ విడివిడిగా చూపుతాయి. బొమ్మను తీసి మరొకటి పెట్టి, మళ్ళీ పీడీఎఫ్‌గా బయటికి పంపవచ్చు. కాని విస్తరి మొత్తం మళ్ళీ వడ్డించినట్టు అవుతుంది. ఇంగ్లీషు పుటలకు ఇది చాలావరకు పనికివస్తుంది. తెలుగు పుటలకు ప్రమాదం ఉన్నది. ఆ సంగతి తరువాత చెబుతాను.

మూడవ మార్గం పాత బొమ్మ మీద కొత్త బొమ్మను అతికించడం. గోడ మీది పాత క్యాలెండరు మీద కొత్తది తగిలించినట్టు. ఇది అన్నిటికంటె సులువు. చాలా ఉచిత పనిముట్లు చేయగలవు. అచ్చుకు మాత్రమే అయితే ఫరవాలేదు. కాని పాత బొమ్మ కింద అట్లాగే ఉండిపోతుందని మరువరాదు.

తెలుగు అక్షరాల చిక్కు

మన తరగతులలో అక్షరాలు దిద్దినవారికి ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఎన్ని పనులున్నవో తెలుసు. స, త, ర, దీర్ఘమైన ఈ గుడి అన్నీ ఒక చోట చేరాలి. పీడీఎఫ్ ఈ అక్షరాన్ని అక్షరంగా కాక, అక్షరరూపాల ముక్కలుగా, ఖతిలోని సంఖ్యలుగా దాచుకుంటుంది. ఖతిలో కూడా ఆ పుస్తకంలో వాడిన రూపాలు మాత్రమే లోపల పెట్టే అలవాటు ఉన్నది. చూడడానికి అవి చాలును. విప్పి మళ్ళీ కూర్చడానికి చాలవు.

ఇంతకంటె పెద్ద చిక్కు పాత ఖతులది. యూనికోడు వాడుక వ్యాపించకముందు అను, శ్రీలిపి వంటి ఖతులతో పేజ్‌మేకరులో పుస్తకాలు కూర్చేవారు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను పెట్టుకున్నవి. ఆ ఖతి లేని కంప్యూటరులో పుటను విప్పితే, తాతగారి పేరు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడతాయి. లిబ్రె ఆఫీసులో విప్పితే వత్తులు ఒక పక్క, గుడులు మరొక పక్క పడిపోవచ్చు.

అందుచేతనే మన ఉదాహరణలో పేర్లను అటూ ఇటూ మార్చక, ఫోటోలను అటూ ఇటూ మార్చడం మంచిది. ఫలితం ఒక్కటే, ప్రమాదం తక్కువ. తప్పనిసరిగా పుటను విప్పవలసి వస్తే, ఇంక్‌స్కేప్ ఫైలును తెరిచేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చే మార్గాన్ని ఎంచుకోవాలి. అప్పుడు రూపం చెడదు. అయితే ఆ పుటలో తరువాత మాటలను వెదకడం కుదరదు. ఆ ఒక్క పుటను మాత్రమే అట్లా చేసి, మిగిలిన 63 పుటలనూ ముట్టుకోకుండా తిరిగి కలుపుకోవాలి.

మూసినంత మాత్రాన పోదు

అతికించిన బొమ్మ కింద పాతది ఉంటుందని చెప్పాను. దీన్ని తేలికగా తీసుకోరాదు. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మనాఫోర్ట్ అనే వ్యక్తి న్యాయవాదులు కోర్టుకు ఇచ్చిన పీడీఎఫ్‌లో రహస్యమైన వాక్యాల మీద నల్ల పట్టీలు వేశారు. ఆ భాగాన్ని నకలు తీసి మరొక చోట పెట్టగానే వాక్యాలన్నీ కనబడ్డాయి. పట్టీ పైన ఉన్నదిగాని, కింది మాట పోలేదు. ఫోటోల విషయంలోనూ ఇంతే. ఎవరి ఫోటోనైనా వారి కోరిక మీద తీసివేయవలసి వస్తే, మూటనే తీయాలి. పైన తెల్ల కాగితం వంటిది కప్పితే చాలదు.

మరొక సంగతి. పీడీఎఫ్‌ను భద్రపరచినప్పుడు కొన్ని ప్రోగ్రాములు పాతదాన్ని చెరపకుండా, మార్పులను ఫైలు చివర తోకలా చేరుస్తాయి. పాత బొమ్మ ఫైలులోనే మిగులుతుంది, తెలిసినవారు తీయగలరు. పని ముగిశాక ఫైలును కొత్త పేరుతో పూర్తిగా తిరిగి రాయించాలి. ఆ తరువాత మళ్ళీ బొమ్మలను బయటికి తీసి, పాతది రావడం లేదని చూసుకోవాలి.

ఒక అంకె మారితే

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. మన పుస్తకాలలో ఫోటోలతోపాటు ఓడ చిట్టాల పుటలూ బొమ్మలుగా ఉంటాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వరకు నేటాలుకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలు వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు. పేర్లు గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసినవి. ఒకే పేరు నాలుగైదు విధాలుగా కనబడుతుంది. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల ఊళ్ళ పేర్లు గుర్తుపట్టడం మరీ కష్టం. ఇన్ని అనుమానాల మధ్య ఒక మనిషిని మరొకరి నుంచి వేరు చేసేది ఆ నంబరే.

2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక వింత గమనించాడు. జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో ఒక ఇంటి ప్లాను స్కాను చేయగా, మూడు గదుల వైశాల్యాలు మారిపోయాయి. కాగితం మీద 14.13, 17.42, 21.11 అని ఉండగా, స్కానులో మూడూ 14.13 అయ్యాయి. మరికొన్ని కాగితాలలో 6 అంకె 8 అయింది. కారణం జేబిగ్-2 అనే కుదింపు పద్ధతి. అది పుటలో ఒకే పోలిక గల గుర్తులను వెదకి, ఒక రూపాన్నే అన్ని చోట్లా వాడి, చోటు ఆదా చేస్తుంది. పోలికలో పొరబడితే ఒక అంకె స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంటుంది. మసక ఉండదు, గీత ఉండదు. అంకె స్పష్టంగా ఉంటుంది, కాని తప్పు అంకె! జిరాక్స్ సంస్థ తరువాత సవరణ విడుదల చేసింది.

మన చిట్టా పుటలో 6 బదులు 8 పడితే ఏమవుతుందో ఆలోచించండి. మరొక ఊరి మనిషి మన తాత అవుతాడు. కాబట్టి అంకెలున్న పుటలకు ఈ కుదింపును వాడరాదు. ‘ఫైలును తేలిక చేయుము’ అనే బొత్తామును అటువంటి పుస్తకం మీద నొక్కేముందు, అది ఏ పద్ధతి వాడుతుందో చూడాలి. పీడీఎఫ్ ఇమేజెస్ ఇచ్చే పట్టికలో కుదింపు పేరు ఉంటుంది. జేబిగ్-2 అని కనబడితే, ఆ పుటలోని అంకెలను అసలు చిట్టాతో పోల్చి చూసుకోవలసినదే.

ఏది దిద్దవచ్చు? ఏది దిద్దరాదు?

మన సంఘం వేసిన సంచిక మన పని. అందులో తారుమారైన ఫోటోను సరిచేయడం, మసకను తగ్గించడం, మడత గీతను తుడవడం న్యాయమే. చిట్టా, ఒప్పంద పత్రం, టికెట్టు మన పని కాదు. అవి సాక్ష్యాలు. మారిషస్‌లో 1867 నాటి చట్టం తరువాత ఒప్పందం ముగిసిన పాత కూలీలు తమ ఫోటో ఉన్న టికెట్టును వెంట పెట్టుకుని తిరగవలసి వచ్చింది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో అట్టి ఫోటోలు, చిట్టాలు భద్రంగా ఉన్నవి. ఆ ముఖాలలోని అలసట కూడా చరిత్రలో భాగమే. దాన్ని అందంగా చేయనక్కరలేదు.

ఈ రోజులలో కృత్రిమ మేధతో పాత ఫోటోలను ‘బాగుచేసే’ పనిముట్లు వచ్చినవి. మసక ముఖాన్ని ఇస్తే నిగనిగలాడే ముఖం ఇస్తాయి. కాని ఆ కనుబొమ, ఆ పెదవి మన అవ్వవి కావు. వేలాది ఇతర ముఖాలను చూసి యంత్రం ఊహించినవి. ఇంట్లో వేడుకకు చూసుకుంటే ఎవరూ కాదనరు. సంచికలో వేస్తే మాత్రం కింద ఆ మాట రాయాలి, పక్కన అసలు ఫోటో కూడా వేయాలి.

వ్యవహార సంబంధమైన కారణమూ ఉన్నది. ఓసీఐ కార్డు కోసం మనవారు చిట్టా నకళ్ళు చూపి వంశాన్ని రుజువు చేసుకుంటున్నారు. 2024 మార్చిలో భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్ళినప్పుడు, అక్కడి భారత సంతతిలో ఏడవ తరం వారికి కూడా ఈ అర్హత ప్రకటించారు. అట్టి పనులకు ఇచ్చే పీడీఎఫ్‌లో ఒక్క చుక్క కూడా మార్చరాదు. చదవడానికి కష్టంగా ఉంటే పెంచిన నకలును వేరుగా జత చేయాలి. డిజిటల్ సంతకం ఉన్న ఫైలులో ఏ బొమ్మ మార్చినా, సంతకం తరువాత మార్పు జరిగిందని తనిఖీలో బయటపడుతుంది.

పని ముగిశాక

దిద్దిన ఫైలును కనీసం రెండు వేరువేరు ప్రోగ్రాములలో తెరిచి చూడండి. పుటల సంఖ్య లెక్కపెట్టండి. మార్చిన పుటను అసలు కొలతలో అచ్చు తీసి, పాత పుస్తకం పక్కన పెట్టి చూడండి. పేర్లలోని వత్తులు ఊడలేదని సరిచూసుకోండి. ఆ ఫోటోలలోని మనుషులను ఎరిగిన పెద్దలు ఎవరైనా ఉంటే వారికి చూపించండి. కంప్యూటరుకు చుక్కలు తెలుసు, ముఖాలు తెలియవు.

పుస్తకం చివర ఒక వాక్యం చేర్చడం మరువవద్దు. ఫలానా పుటలో ఫోటోలు తారుమారైనందున ఫలానా సంవత్సరంలో సరిచేయబడినవని రాయాలి. లేకపోతే పాత ప్రతి ఒక ఇంట్లో, కొత్త ప్రతి మరొక ఇంట్లో ఉండి, ఏది నిజమో తెలియక రేపటి పిల్లలు వాదులాడుకుంటారు.

ఇకమీద వేసే సంచికలకైనా మూలప్రతిని కాపాడుకుందాం. కూర్చిన ఫైలు, వాడిన ఖతులు, ఫోటోల పూర్తి స్కానులు, భద్రపరచడానికి ఏర్పడిన పీడీఎఫ్-ఏ రూపంలో ఒక ప్రతి, ఈ నాలుగూ ఒక చోట చేర్చి, రెండు వేరువేరు ఊళ్ళలో ఉంచాలి. 2007 జూన్‌లో గోను తుఫాను మస్కట్‌ను ముంచెత్తింది. 2022 ఏప్రిల్‌లో వరదలు డర్బన్‌ను ముంచెత్తినవి. నీటికి కాగితమూ ఒకటే, కంప్యూటరూ ఒకటే. రెండు దేశాలలో బంధువులుండడం మన జాతికి కష్టకాలంలో వచ్చిన అలవాటు. ఆ అలవాటును మన పుస్తకాలకు కూడా నేర్పుదాం.

మన పూర్వీకులు తమ పేరు తామే రాసుకునే అవకాశం లేక, గుమాస్తా రాసిన పేరుతో ఓడ ఎక్కారు. వారి ముఖం కింద వారి పేరే ఉండేట్టు చూడడం మన చేతిలో ఉన్న పని. మీ సంఘం బీరువాలో ఉన్న పాత సంచికలను ఈ వారమే ఒకసారి తెరిచి, ఫోటోలను పేర్లతో సరిచూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

— అజైబా, మస్కట్